మడుగంత నీటికి ఏరంత మోటరు

హైదరాబాద్ పక్కన మొయినాబాద్, శంకర్‌పల్లి దారుల్లో ఫామ్‌హౌస్ కట్టినవారికి ఈతకొలను తప్పనిసరి. ఈత రావడం తప్పనిసరి కాదు. గృహప్రవేశానికి వచ్చిన బావగారు కొలను చుట్టూ ప్రదక్షిణ చేసి, నీళ్లలో వేలైనా ముంచకుండా అడిగేది ఒక్కటే: "మోటరు ఎన్ని హెచ్‌పీ?" ముప్పావు అంటే పరువు గంగలో కలిసినట్టే. అందుకే కొట్టువాడు అడక్కముందే 3 హెచ్‌పీ అంటగడతాడు. "పెద్దదైతే నష్టమేముంది సార్?"

ఉంది. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతున్న కొలనులో పట్టేవి 48,000 లీటర్లు. 8 గంటల్లో ఆ నీరంతా ఒకసారి ఫిల్టరులోంచి తిరగాలంటే గంటకు 6,000 లీటర్లు చాలు. పైపులు, ఫిల్టరు కలిపి 10 మీటర్ల హెడ్ (అంత ఎత్తుకు నీరు తోడినంత శ్రమ) అనుకున్నా ముప్పావు హెచ్‌పీ పంపు ఆ పని చేసేస్తుంది. వెయ్యడుగుల బోర్లు తోడి తోడి అలవాటైన మనకు ఇది నమ్మబుద్ధి కాదు. ఇక్కడ నీళ్లు కొండెక్కేదేమీ లేదు మహాప్రభో, కొలనులోంచి బయల్దేరి మళ్లీ కొలనులోకే వస్తాయి! పంపు పోట్లాటంతా పైపుల రాపిడితో, ఫిల్టరుతో.

ఆ రాపిడి ఊసు కొట్టువాడు ఎత్తడు. అదే పైపులో ప్రవాహం రెట్టింపైతే రాపిడి దాదాపు నాలుగింతలవుతుంది. ఇసుక ఫిల్టరులోకి నీరు మరీ జోరుగా దూసుకెళ్తే మురికి ఇసుకలో ఆగదు, నీళ్లతోపాటే అవతలికి పోతుంది. కొలను మసకబారుతుంది. యజమాని ఫోన్ చేస్తాడు. అటునుంచి జవాబు: "మోటరు చాలట్లేదు సార్."

పెద్ద మోటరు కొలను అడుగున డ్రెయిన్ దగ్గర పీల్చే జోరు మాత్రం నవ్వులాట కాదు. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల పిల్ల, 2002లో హాట్ టబ్ డ్రెయిన్ పీల్చి పట్టేయడంతో మునిగి చనిపోయింది. 2007లో ఆ పాప పేరుతోనే అక్కడ సురక్షితమైన డ్రెయిన్ మూతల కోసం చట్టం తెచ్చారు. మన దగ్గర డ్రెయిన్ మూత గురించి అడిగే బావగారు ఇంకా పుట్టలేదు.

వేగం మార్చుకునే పంపులూ ఉన్నాయి. వేగం సగం చేస్తే నీరు సగమే వస్తుంది, కరెంటు మాత్రం లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకు దిగుతుంది. రెట్టింపు సేపు నడిపినా ఖర్చు పావు వంతే. కాకపోతే వాటికి చప్పుడు తక్కువ. పక్క ఫామ్‌హౌస్‌కు వినపడని మోటరు ఎవరిక్కావాలి?

కొనబోయేవారికి ఒక్క మనవి. హెచ్‌పీ అడగకండి. కొలనులో ఎన్ని లీటర్లు పడతాయో, పైపు సైజెంతో చెప్పి, మీ హెడ్ దగ్గర ఆ పంపు గంటకు ఎన్ని లీటర్లిస్తుందో కంపెనీ గ్రాఫులో చూపించమనండి. చూపించలేకపోతే కొట్టు మార్చండి.