పొదుపు రంపం

అమెరికాలో పాత బ్యాండ్‌సా, అంటే రెండు చక్రాల మీద తిరిగే పట్టీ రంపం, అమ్మజూపేవాళ్ళ దగ్గర నాలుగే వాక్యాలుంటాయి. "బ్లేడొక్కటి మారిస్తే చాలు." "పక్కన పెట్టేనాటికి భేషుగ్గా నడిచింది." "దీని విలువ నాకు తెలుసు, బేరాలొద్దు." "ఇలాంటివి ఇప్పుడెవరూ తయారుచెయ్యడం లేదు." ప్రకటనలో పెట్టిన ఫొటోలో మిషను సగమే కనిపిస్తుంది. మిగతా సగానికి క్రిస్మస్ చెట్టు అట్టపెట్టె, పిల్లల సైకిలు, ఎండిపోయిన పెయింటు డబ్బాలు అడ్డం. అయినా కొనేవాడు కొంటాడు. ఎందుకయ్యా అంటే, డబ్బు ఆదా చేస్తున్నాడట.

తగువంతా ఈ ఆదా దగ్గరే.

కొనేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. ప్లేనోలోనో ఎడిసన్‌లోనో రెండు కార్లు పట్టే గ్యారేజీ, ఆ రెండు కార్లూ వీధిలో ఎండకూ మంచుకూ, లోపల మాత్రం వాల్‌నట్ పలకలు. ఊళ్ళో వడ్రంగి ఇంటికొస్తే అరుగు దాటి లోపలికి రానివ్వని పెద్దమనిషి మనవడు, ఇవాళ చిత్రిక పట్టుకుని "చేతిపనిలో ఉన్న ప్రశాంతత దేన్లోనూ లేదు" అని వీడియో పెడుతున్నాడు. సంతోషమే. అయితే ఆ వడ్రంగి ఉలి కొనాలన్నా దాన్ని వెలుగుకేసి తిప్పి, గోటి మీద ఆనించి, కొట్టువాడి సహనం అయిపోయేదాకా పరీక్షించేవాడు. ఆ అలవాటు కూడా మనవడికి అంటి ఉంటే బాగుండేది.

లెక్క ఇలా మొదలవుతుంది. పద్నాలుగు అంగుళాల కొత్త మిషను, కాస్త మంచిది, వెయ్యి డాలర్ల పైమాట. పాతది రెండున్నర వందలకే వస్తోంది. కాబట్టి ఏడున్నర వందలు మిగిలినట్టే. మిగిలినదాన్ని ఖర్చు పెట్టే హక్కు తనకుందని మన గ్యారేజీ వడ్రంగి ఆ క్షణమే తీర్మానించుకుంటాడు. చక్రాల మీది రబ్బరు టైర్లు ఎండిపోయాయి, యూరెథేన్‌వి తెప్పించాలి. బేరింగులు కీచుమంటున్నాయి, పొరుగువాళ్ళ కుక్క కూడా గొంతు కలుపుతోంది, మార్చాలి. స్ప్రింగు నీరసించింది. బ్లేడును అటూ ఇటూ పోకుండా పట్టే గైడ్లు అరిగిపోయాయి, ఆ గైడ్ల సెట్టు ఒక్కటే నూటయాభై దాకా లాగుతుంది. ఏడున్నర వందల ఆదా ఏడున్నర వందల ఖర్చుకు సరిపోయేసరికి మిషను ఇంకా ఒక్క చెక్క కూడా కొయ్యలేదు. ఆ ఖర్చుల చిట్టా మాత్రం ఏ వీడియోలోనూ కనిపించదు.

పద్నాలుగు అంటే ఏమిటో కూడా చాలామందికి కొన్నాకే తెలుస్తుంది. అది చక్రం వ్యాసం. కోసే చెక్క ఎత్తు కాదు. పద్నాలుగు అంగుళాల పాత డెల్టా మీద నిలువుగా పట్టేది ఆరంగుళాల చెక్క. ఇది తెలిశాక స్తంభం మధ్యలో ఇరికించే ఆరంగుళాల ఇనపదిమ్మ ఒకటి దొరుకుతుందనీ తెలుస్తుంది. అది పెడితే ఎత్తు పన్నెండు అంగుళాలవుతుంది, బ్లేడు పొడవు 93½ నుంచి 105 అంగుళాలకు పెరుగుతుంది, ఉన్న బ్లేడ్లన్నీ చెత్తబుట్టకు పోతాయి. మోటారు మాత్రం అదే పాత అరగుర్రం. పన్నెండంగుళాల వాల్‌నట్ పలకను రెండు పొరలుగా చీల్చమంటే సగం దూరం వెళ్ళి మూలుగుతుంది, తర్వాత ఆగుతుంది, ఆ తర్వాత వాసన వస్తుంది.

ఇక పాత ఇనుము భక్తి. మిల్వాకీలో తయారైన డెల్టా అంటే ఈ వర్గానికి విగ్రహంతో సమానం. 1930ల నాటి ఆ పద్నాలుగు అంగుళాల నమూనా నిజంగానే మంచి నమూనా. ప్రపంచంలో సగంమంది దాన్నే కాపీ కొట్టారు, తైవాన్ ఫ్యాక్టరీలు మరీ శ్రద్ధగా కొట్టాయి. కంపెనీ 1945లో రాక్‌వెల్ చేతికి, ఆ తర్వాత పెంటెయిర్‌కు, 2004లో బ్లాక్ అండ్ డెక్కర్‌కు పోయి, 2011లో తైవాన్‌కు చెందిన చాంగ్ టైప్ అనే సంస్థ చేతిలో పడింది. అంటే "తైవాన్ నకలు మాకొద్దు, అసలు డెల్టానే కావాలి" అని పట్టుబట్టేవాడు కాపీ కొట్టినవాళ్ళ దేశానికే చెందిన కంపెనీ పేరు తల్చుకుంటున్నాడు. పాత మిషను మీద చెరిగిపోయిన బొమ్మల లేబుళ్ళకు అచ్చం అలాంటివే కొత్తగా వేసి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. మిషను కన్నా ముందు లేబులు తెప్పించుకునే భక్తులకు లోటు లేదు.

"పాతవి గట్టివి, అందుకే ఇన్నాళ్ళు ఉన్నాయి" అనేది వీళ్ళ వేదవాక్యం. గట్టివి కానివి ఏమయ్యాయో ఎవరూ అడగరు. 1942లో యుద్ధం కోసం ఊరూరా పాతినుము పోగుచేసినప్పుడు కొన్ని కొలిమికి వెళ్ళాయి, మరికొన్ని ఆ తర్వాత పాత సామాన్ల కొట్ల పాలయ్యాయి. మిగిలినవాటిని చూసి మొత్తం తరానికి మార్కులేస్తున్నారు. పైగా మిగిలినవాటిలోనూ అంతా పోత ఇనుమే కాదు. బల్లను వాల్చే అర్ధచంద్రాకారపు ముక్కలు తేలికరకం పోత లోహంతో చేసినవి, చీలతాయి. పైచక్రాన్ని మోసే బ్రాకెట్టును దశాబ్దాల తరబడి ఎవరో ఒకరు అవసరానికి మించి బిగించి ఉంటారు, అది వంగుతుంది. ప్రకటనలో ఫొటో తీసేది మాత్రం చక్రాల తలుపు మూసి, స్తంభానికి గుడ్డతో మెరుగుపెట్టి.

ఈ భక్తులకో పరీక్ష ఉంది, నాణెం పరీక్ష. అయిదు సెంట్ల నికెల్ నాణేన్ని, అయిదు గ్రాముల బరువు, రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ మందం ఉన్నదాన్ని, మిషను బల్ల మీద అంచున నిలబెడతారు. మోటారు వేస్తారు. నాణెం పడకపోతే వీడియో పెడతారు, చూసినవాళ్ళు చప్పట్లు కొడతారు. మిషను వణకడం లేదని అది చెబుతుంది, అంతవరకు నిజమే. కానీ నాణెం నిలబడి ఉన్నంతసేపూ బ్లేడు ముందు చెక్క ఉండదు. చెక్క పెట్టాక గీత ఒక దారి, కోత ఒక దారి పోతే ఆ వీడియో మాత్రం ఎవరూ తియ్యరు.

దానికన్నా గోరు నయం. చక్రం తలుపు తెరిచి, టైరు అంచున బొటనవేలి గోరు గుచ్చాలి. గోరు దిగి, తీయగానే గుంట పూడుకుపోతే రబ్బరు బతికుంది. గోరు జారిపోతే ఎండిపోయింది. గోటి కింద నల్లటి పొడి రాలితే అది టైరు కాదు, టైరు అస్థికలు. ఏళ్ళ తరబడి బ్లేడు బిగింపు సడలించకుండా వదిలేసిన మిషన్లలో బ్లేడు ఒత్తిన గాడి టైరులోనే పడిపోయి ఉంటుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ గాడి ఒక దెబ్బ కొడుతుంది. టైరు నడుమ ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉండాలి. ఆ చిన్న ఉబ్బు వల్లే బ్లేడు చక్రం మీంచి జారకుండా నడుమన నిలుస్తుంది. ఎండిన రబ్బరును గీకి, కొత్తది అతికించి, ఆ ఉబ్బు మళ్ళీ తేవడం ఒక ఆదివారంతో తేలే పని కాదు.

అన్నిటికన్నా పెద్ద తమాషా కరెంటుతో. అమెరికా హైస్కూళ్ళలో వడ్రంగం క్లాసులు మూతపడుతూ వచ్చాయి. ఆ గదుల్లోని మిషన్లు వేలానికి వస్తున్నాయి. రాక్‌వెల్ ఇరవై అంగుళాలవి, పవర్‌మాటిక్‌లు. ధర చూస్తే కళ్ళు చెదురుతాయి. అంత చవకకు కారణం మోటారు మీది చిన్న రేకులో ఉంటుంది. ఫేజు అని రాసిన చోట 3 అంకె. స్కూళ్ళకూ ఫ్యాక్టరీలకూ త్రీఫేజు లైను ఉంటుంది, అమెరికా ఇళ్ళకు సాధారణంగా సింగిల్ ఫేజే. ట్రక్కు అద్దెకు తీసుకుని, నలుగురు మిత్రులకు బిర్యానీ ఆశ చూపి, మిషను గ్యారేజీలో దింపాక గానీ ప్లగ్గు ఎక్కడా పట్టదని తేలదు.

ఈ సంగతి పల్నాడులో బోరు మోటార్లతో జీవితమంతా గడిపిన తండ్రికి ఫోన్లో చెబితే వచ్చే ప్రశ్నలు రెండే.

"మీ ఇంటికి త్రీఫేజు ఉందట్రా?"

"లేదు నాన్నా."

"మరి కొనేముందు రేకు చూళ్ళేదా?"

ఎమ్మెస్ చదివిన కొడుకు దగ్గర జవాబుండదు. త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తుందా అని అర్ధరాత్రి పొలం గట్టున కాపలా పడుకున్న మనిషికి ఇది మొదటి పాఠం. ఊళ్ళో అయితే మోటారు విప్పి వైండింగు షాపులో పడేస్తే ఏదో ఒక దారి చూపిస్తాడు. డాలస్ శివార్లలో వైండింగు షాపు వెతకడం కన్నా వీఎఫ్‌డీ అనే ఎలక్ట్రానిక్ పెట్టె కొనడం తేలిక. సింగిల్ ఫేజు తీసుకుని త్రీఫేజు ఇస్తుంది, పని బాగానే చేస్తుంది. ఆ పెట్టెకో ధర, దానికి 240 వోల్టుల లైను లాగిన ఎలక్ట్రీషియనుకు ఇంకో ధర. ఆదా ఖాతాలో ఇవీ పడతాయి.

కొందరికి పద్నాలుగు ఆనదు. విస్కాన్సిన్‌లోని బెలాయిట్ ఊరి యేట్స్-అమెరికన్, గ్రాండ్ ర్యాపిడ్స్ టానెవిట్జ్, ఆలివర్ లాంటివి ముప్పై ఆరంగుళాల రాక్షసులు. పాతినుము ధరకే దొరికాయని మురిసిపోతారు. పాతినుము ధరకు అమ్ముతున్నాడంటే అవతలివాడు కాటా వేసే చూశాడని అర్థం. రెండు చక్రాలకే ఆరడుగులు కావాలి, వాటి నడుమ చెక్క పట్టాలి, కింద పాదం ఉండాలి. గ్యారేజీ తలుపు ఎత్తు మామూలుగా ఏడడుగులు. ఈ కూడిక మూడో తరగతి పిల్లాడు చేస్తాడు. కొన్నవాడు ట్రైలరు దగ్గర నిలబడి టేపు పట్టుకుని చేస్తాడు.

ఇంకో రకం చిక్కు వేగంతో. ఇనుము కోసే బ్యాండ్‌సా చూడ్డానికి చెక్క కోసేదానిలాగే ఉంటుంది. చెక్కకు బ్లేడు నిమిషానికి మూడు వేల అడుగుల చుట్టుపక్కల పరుగెత్తాలి. ఇనుముకు వంద నుంచి మూడు వందల అడుగులు చాలు. ఇది తెలియక ఇనుప మిషను తెచ్చుకున్నవాడు టేకు ముక్క పెట్టి, కాఫీ పెట్టుకుని, తాగి, వచ్చి చూసుకోవచ్చు.

పాత మిషన్లు విప్పి, తుప్పు గీకి, రంగు వేసి, బిగించడమే ఆనందం అనుకునేవాళ్ళతో ఎవరికీ పేచీ లేదు. వాళ్ళది వేరే హాబీ, ముచ్చటైన హాబీ. చెక్కపని నేర్చుకుంటానని చెప్పి మిషను మరమ్మతు నేర్చుకుంటూ, ఆ మరమ్మతుకు పొదుపని పేరు పెట్టుకునేవాళ్ళతోనే పేచీ. రెండేళ్ళకు వాళ్ళింట్లో మెరిసే బ్యాండ్‌సా ఒకటుంటుంది. దాని మీద కోసిన ఒక్క పీట కూడా ఉండదు.

వీళ్ళు మార్చనిది ఒకటే, బ్లేడు. విచిత్రం ఏమిటంటే ఈ మిషను కథంతా బ్లేడు కథే. లండన్‌కు చెందిన విలియం న్యూబెరీ చేతిలో 1809 నాటికే బ్యాండ్‌సా పేటెంటు ఉంది. అయినా దశాబ్దాలపాటు అది ఎవరికీ అక్కరకు రాలేదు. అంత సన్నటి ఉక్కు పట్టీని అతికితే అతుకు దగ్గరే తెగిపోయేది. 1846లో ఫ్రాన్స్‌లో ఆన్ పౌలీన్ క్రెపాన్ అనే మహిళ అతుకు వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాకే మిషనుకు బతుకొచ్చింది. చక్రాలూ స్తంభం అప్పటికే ఉన్నాయి, లేనిది నిలిచే బ్లేడే. మన సామిళ్ళలో పనిచేసేవాళ్ళకు ఈ చరిత్ర తెలియకపోయినా సారం తెలుసు. కోత బరువెక్కగానే మిషను ఆపి, బ్లేడు దింపి, సాన పట్టే మనిషికి అప్పగించి, ఇంకోటి ఎక్కిస్తారు. మిషను ఏ ఊళ్ళో పుట్టిందో ఆరా తియ్యరు.

ముప్పై నలభై డాలర్ల కొత్త బ్లేడు పెట్టకుండా మూడొందల డాలర్ల విడిభాగాలు మార్చే గ్యారేజీలు కోకొల్లలు. పెట్టినా తిరగేసి పెట్టే మహానుభావులున్నారు. చుట్టగా మడిచి వచ్చిన బ్లేడు విప్పేటప్పుడు లోపలివైపు బయటికి తిరగబడుతుంది, పళ్ళు కిందికి చూడాల్సింది పైకి చూస్తాయి. అలా పెట్టాక చెక్క ఎగిరెగిరి పడుతుంది, పొగ వస్తుంది, కోత మాత్రం రాదు. "మిషను దండగ" అని విసుగొచ్చి అమ్మకానికి పెడతారు. నిజంగా చవక బేరం ఎక్కడైనా ఉంటే అదే. కాబట్టి కోయడం లేదని అమ్ముతున్న మిషను దగ్గరికి వెళ్ళినవాడు లేబులు జోలికి పోకుండా మొదట పళ్ళు ఎటు చూస్తున్నాయో చూడాలి. పైకి చూస్తుంటే ఇంకేమీ అడక్కుండా డబ్బు చేతిలో పెట్టి, అమ్మేవాడికి అనుమానం రాకముందే ట్రక్కెక్కించుకోవాలి. మోటారు రేకు మీద అంకె ఒకటే అయితే.