చెట్టువాన పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

అమెరికా సంయుక్త రాష్ట్రాల వాయవ్యపు కొసన, వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒలింపిక్ ద్వీపకల్పపు పడమటి వాలు మీద క్వినాల్ట్ అనే సరస్సు ఉంది. పూర్వపు హిమానీనదం కరిగిపోతూ వదిలిన మట్టీ రాళ్ళూ గుట్టగా పడి లోయకు అడ్డుకట్ట వేయగా ఏర్పడిన ఈ సరస్సు చుట్టూ ఉన్నది సమశీతోష్ణ వర్షారణ్యం, అంటే ఉష్ణమండలపు ఎండ లేకుండానే ఆ మండలానికి తగినంత వాన పడే చల్లని అడవి. సరస్సు దక్షిణ తీరాన విల్లబీ, ఫాల్స్ క్రీక్, గాటన్ క్రీక్ అని అటవీశాఖకు చెందిన మూడు క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి. అక్కడ గుడారం వేసుకొని రాత్రి గడిపేవాడి అవస్థను చెప్పే ఆటవెలది ఒకటి ఇక్కడ వ్యాఖ్యానానికి గ్రహింపబడింది. పద్యానికి మకుటం లేదు, కర్త నామధేయం లేదు. కర్త తడిసినవాడని మాత్రం శైలిని బట్టి నిశ్చయించవచ్చు. ఈ పద్యాన్ని చదవడానికి అధికారి, అనగా అర్హుడు, సియాటిల్, బెల్వ్యూ, రెడ్మండ్ ప్రాంతాల్లో కాపురముంటూ, శుక్రవారం సాయంత్రం సుమారు మూడు గంటలు కారు నడిపి, చీకటి పడ్డాక గుడారపు కర్రలలో ఏది ఎందులోకి దూరుతుందో వెతికే గృహస్థు.

మూలం

వాన వెలిసె ననుచు వాకిటి కరుదెంచఁ
జెట్టు వాన మొదలు, చితుకు తడియు,
కూడు కారులోన, గూడారమునఁ దాను,
కొలని దరిని రేయి కొలువు దీరె.

ప్రతిపదార్థం

వాన = వర్షము; వెలిసెన్ = ఆగిపోయెను; అనుచున్ = అని నమ్మి; వాకిటికిన్ = గుడారమునకు జిప్పు ఉన్న వైపునకు; అరుదెంచన్ = మోకాళ్ళ మీద పాకుచు రాగా; చెట్టువాన = కొమ్మల నుండి పడు వాన; మొదలు = ప్రారంభము; చితుకు = పొయ్యి రాజేయు సన్నపుల్ల; తడియున్ = తడిసిపోవును; కూడు = అన్నము మొదలుగా వాసన గల సమస్తము; కారులోనన్ = తాళము వేసిన వాహనమునందు; గూడారమునన్ = పలుచని నైలాను గుడ్డ కింద; తాను = అద్దె చెల్లించినవాడు; కొలని దరిని = సరస్సు ఒడ్డున; రేయి = రాత్రి; కొలువు దీరెన్ = సభ తీర్చి కూర్చుండెను.

తాత్పర్యం

వాన ఆగిందని నమ్మి యాత్రికుడు బయటికి రాగానే చెట్ల మీది వాన మొదలవుతుంది, పొయ్యికి దాచిన పుల్లలు తడిసిపోతాయి, తెచ్చిన తిండి ఇనుప గోడల కారులో పదిలంగా ఉండగా తెచ్చినవాడు గుడ్డ గోడల మధ్య వణుకుతుంటాడు, ఈ విధంగా సరస్సు ఒడ్డున రాత్రి కొలువు జరిగిందని భావం.

విశేషాంశాలు

వాన వెలిసె ననుచు. కవి 'వెలిసె' అని తన మాటగా చెప్పక 'అనుచు' అని చేర్చడంలోనే మెలకువ ఉంది. వెలిసినట్టు అనుకొన్నది యాత్రికుడే కాని వాన వెలిసిందని కవి ఎక్కడా ఒప్పుకోలేదు. పసిఫిక్ మీద నుంచి వచ్చే తేమగాలి ఒలింపిక్ పర్వతాలను ఎక్కవలసి వచ్చినప్పుడు పైకి పోయే కొద్దీ చల్లబడి, మోయలేని నీటిని పడమటి వాలు మీదే దింపుకొంటుంది. అందువల్ల క్వినాల్ట్‌లో ఏడాదికి ఇంచుమించు 12 అడుగుల వాన, అంటే మూడున్నర వేల మిల్లీమీటర్లకు పైగా, పడుతుంది. హైదరాబాదుకు దక్కేది సుమారు 800. సరస్సు ఒడ్డున 1926లో కట్టిన లాడ్జి పొగగొట్టానికి వానను అడుగుల్లో చూపే కొలబద్ద ఒకటి తగిలించి ఉంది, అంగుళాలు అక్కడ చిల్లరగా లెక్క. అదే పర్వతాల ఆవలి వైపున, అదే ద్వీపకల్పంలో, స్క్విమ్ అనే ఊరికి మేఘాలు ఖాళీ చేతులతో చేరడం వల్ల ఏడాదికి 400 మిల్లీమీటర్ల వరకే పడుతుంది. 'ఆరిన చోట గుడారం వేసుకోదలిస్తే స్క్విమ్‌కు పోరాదా?' అని శంక. పోవచ్చును, కాని అప్పుడు ఈ పద్యం పుట్టదని సమాధానం.

ఇంకొక శంక. జులై, ఆగస్టు నెలల్లో ఈ అడవిలోనూ వాన పలచబడుతుంది, క్యాంప్‌గ్రౌండ్లు నిండేదీ అప్పుడే, కాబట్టి పద్యంలోని వర్ణన అతిశయోక్తి కాదా? వేసవిలో వరసగా పొడి రోజులుండే మాట నిజమే. అయినా కవి తన రాత్రిని ఏ నెలదో చెప్పలేదు గనుక అతడిని సెప్టెంబరు చివరికి జరిపి రక్షించవచ్చు, వ్యాఖ్యాతలకు ఇటువంటి అధికారం పూర్వం నుంచీ ఉన్నదే.

చెట్టువాన. ఈ పద్యానికి ప్రాణం ఈ మాటలో ఉంది. ఆకాశం నుంచి పడినదే వాన అనే నిర్వచనం ప్రకారం చెట్టు నుంచి పడేది వాన కాదని పూర్వపక్షం. దానిని ఖండించడానికి చెట్టు స్వరూపం చెప్పాలి. ఇక్కడి సిట్కా స్ప్రూసు, వెస్టర్న్ హెమ్లాకు చెట్లు రెండు వందల అడుగుల దాకా పెరిగేవి. దక్షిణ తీరానే ఒక స్ప్రూసు 191 అడుగుల ఎత్తుతో, చుట్టూ కొలిస్తే 59 అడుగులకు ఒక్క అంగుళం తక్కువ మొదలుతో నిలబడి, తన జాతిలో అతి పెద్దదనే బిరుదును సందర్శకుల ఫొటోలలో మోస్తున్నది. అంత ఎత్తున సూదుల వంటి ఆకులన్నిటికీ అంటుకొన్న నీరు, పొగమంచు నుంచి ఆకులు దువ్వుకొన్న నీరు, కొమ్మలకు వేలాడే నాచు పీల్చుకొన్న నీరు, ఇదంతా ఒక్కసారిగా దిగదు. గాలి కదిపినప్పుడల్లా కొంత, కదపకపోయినా కొంత, మబ్బు విడిపోయాక కూడా చాలాసేపటి వరకు రాలుతూనే ఉంటుంది. అంటే ఈ అడవి వానను అడ్డుకోదు, దాచిపెట్టి వాయిదాల మీద చెల్లిస్తుంది. గుడారం వేసినవాడు తన తల మీద పడుతున్నది నిన్నటి వానో ఈనాటిదో తేల్చలేడు కనుక రెండూ వానేనని సిద్ధాంతం.

ఈ సందర్భంలో బిగ్‌లీఫ్ మేపుల్ చెట్టును విడిచిపెట్టడం అన్యాయమవుతుంది. దీని కొమ్మలు నాచుతోనూ, చిన్న ఫెర్నులతోనూ ఎంత మందంగా కప్పబడతాయంటే, చచ్చిన నాచు కుళ్ళి కొమ్మ మీదే మట్టి ఏర్పడుతుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ తాళ్ళతో ఈ చెట్లెక్కిన నళినీ నాడ్కర్ణి, ఆ మట్టిలోకి మేపుల్ తన కొమ్మల నుంచే వేళ్ళు దించి పోషకాలు తీసుకొంటుందని 1981లో ప్రకటించారు. నేలలో వేళ్ళుండగా గాలిలోనూ వేళ్ళు దించిన ఈ చెట్టు తన నెత్తి మీది తోటను తానే మేస్తుందన్నమాట. 'చెట్టువాన' అన్న సమాసంలో 'చెట్టు యొక్క వాన' అని షష్ఠిగా విగ్రహం చెప్పాలా, 'చెట్టు నుండి వాన' అని పంచమిగా చెప్పాలా అని పట్టుదల గలవారు వాదించుకోవచ్చు. ఆ నీరు కొంతసేపు చెట్టు సొత్తుగా ఉండి, అది ఇష్టపడినంత మేరకే కింద పడుతుందని ఎరిగినవారు షష్ఠినే మెచ్చుతారు.

చితుకు తడియు. పొయ్యి రాజేయడంలో పెద్ద కట్టెల కంటే సన్నపుల్లలదే ముఖ్యస్థానం కాబట్టి కవి 'కట్టె' అనక 'చితుకు' అన్నాడు. ఊరి నుంచి కట్టెలు తెచ్చుకోవచ్చు కదా అంటే, కట్టెలో దాగిన పురుగులూ తెగుళ్ళూ ఒక అడవి నుంచి ఇంకొక అడవికి ప్రయాణం కట్టకూడదని, కాల్చే చోటికి దగ్గరలోనే కొనాలని అక్కడి వారి హితవు. కొన్న కట్టె పైన తడిసినా లోపల పొడిగా ఉంటుంది గనుక చిన్న గొడ్డలితో నిలువునా చీల్చి, లోపలి భాగాన్నే పుల్లలుగా చేసుకొనేవాడు నేర్పరి. పడి ఉన్న మాను జోలికి పోరాదు: అది చచ్చినదిగా కనిపించినా నర్స్ లాగ్, అంటే దాది దుంగ, అయి ఉంటుంది. నేల మీద నాచూ ఫెర్నులూ కిక్కిరిసి ఉండటం వల్ల హెమ్లాకు విత్తనాలకు మొలిచే సందు దొరక్క, అవి పడిపోయిన మాను వీపు మీద మొలుస్తాయి; వాటి వేళ్ళు మానును కావలించుకొని నేలకు దిగుతాయి; కొన్ని వందల ఏళ్ళకు మాను కుళ్ళి మాయమైనా దాని మీద మొలిచిన చెట్లు తాడు పట్టి నాటినట్టు ఒకే వరసలో, వేళ్ళ మీద పైకి లేచి నిలబడి ఉంటాయి. చలి కాచుకోవడానికి ఒక పూట మంట కోసం అంతటి వంశాన్ని పొయ్యిలో పెట్టడం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు. ఎండలు ముదిరిన వేసవుల్లో ఈ వర్షారణ్యంలోనే నిప్పు రాజేయకూడదని నిషేధం వస్తుంది. పన్నెండు అడుగుల వాన పడే చోట అగ్నిభయమా అని నవ్వేవారు ఉంటారు. వారు ఆగస్టు నెలను లెక్కలోకి తీసుకోలేదని గ్రహించాలి.

కూడు కారులోన, గూడారమునఁ దాను. నల్ల ఎలుగుబంటి ఈ అడవిలో ఉంది, గ్రిజ్లీ అనే రకం ఎలుగు లేదు. నల్ల ఎలుగు మనిషిని కోరి రాదు, వాసనను కోరి వస్తుంది, వచ్చి ఒకసారి తిండి దొరికిన చోటికి మళ్ళీ మళ్ళీ వస్తుంది, చివరికి ఆ అలవాటే దాని చావుకు కారణమవుతుంది. అందుకనే తినేవన్నీ, వండిన గిన్నెలతో సహా, తాళం వేసిన కారులో పెట్టాలనే నియమం. ఇక్కడ 'కూడు' అన్నది ఉపలక్షణం, అంటే ఒకదాని పేరు చెప్పి దాని తరగతినంతా సూచించడం: పళ్ళపేస్టు, సబ్బు, కొబ్బరినూనె సైతం కూడే. తెలుగువారి కూలర్ పెట్టెలో ఉండే పులిహోర, ఆవకాయ, వేయించిన అప్పడాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇంగువ వాసన ఎంత దూరం పోతుందో చుట్టుపక్కల గుడారాలవారు సాక్ష్యం చెప్పగలరు. 'కారు' అంటే వానకాలమనీ, 'కూడు కారులోన' అంటే అన్నం వర్షంలో తడిసిందనీ అర్థం చెప్పబోయే నిఘంటుపండితులుండవచ్చు. అది అందమైన అర్థమే, కాని ఎలుగుబంటికి ఉపకరించే అర్థం.

ఛందస్సు విషయంలో ఒక్క ముచ్చట. తిండీ గుడారమూ ఒక చోట ఉండరాదని నియమం విడదీసినా, 'కూడు', 'గూడారము' అనే మాటలను యతి ఒకే పాదంలో కట్టిపడేసింది. కవికి తెలిసే జరిగిందో, ఆకలి వల్ల జరిగిందో చెప్పలేము.

గుడారపు అడుగున పరిచే పట్టా గుడారం కంటే కొద్దిగా చిన్నదిగా ఉండాలి. వెలుపలికి పొడుచుకొస్తే వాన దాని మీద పడి, పట్టా మీదుగా పారి, నిద్రపోతున్నవాడి వీపు కిందికి చేరుతుంది. లోపలి తడికి వానను తిట్టడం కూడా పొరపాటే. నలుగురు మనుషులు రాత్రంతా వదిలిన ఊపిరే చల్లని గుడ్డను తాకి నీరై కారుతుంది కాబట్టి, చలి వేసినా పై కిటికీ తెరిచి ఉంచినవాడు తక్కువ తడుస్తాడు. పద్యంలో ఈ నీటికి చోటు దొరకలేదు. చెట్టువానతో పాటు 'ఊపిరివాన' అని కూడా వేసి ఉంటే పద్యం శాస్త్రగ్రంథంతో సమానమయ్యేది.

కొలువు దీరె. కొలువు తీర్చినవాడు ఎవడు? 'రేయి' అన్న మాటను కర్తగా తీసుకొంటే రాత్రే కొలువు తీర్చింది. అధికరణంగా, అంటే జరిగిన కాలంగా, తీసుకొంటే కర్త లుప్తం. యాత్రికుడే కర్త అని సామాన్యుల అభిప్రాయం. కొందరు 'కొలువు' అంటే ఉద్యోగం, 'తీరె' అంటే ముగిసింది అని విడదీసి, శుక్రవారంతో ఆఫీసు పని తీరిందని సాఫ్ట్‌వేరు పక్షాన అర్థం చెబుతారు; సోమవారం ఉదయం ఆ అర్థం దానంతటదే కొట్టుకుపోతుంది. యాత్రికుడు కర్త కాగలడా అన్నది విచారించవలసిన సంగతి. అతడు నిలిచిన జాగా అటవీశాఖది. ముందుగా రిజర్వు చేసుకొనే వీలు లేని చోట అతడు కవరులో డబ్బు పెట్టి ఇనుప గొట్టంలో వేస్తాడు, ఆ గొట్టాన్ని అక్కడివారు 'ఐరన్ రేంజర్' అంటారు, అది తలాడించదు, రసీదు మీద సంతకమూ చేయదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు అతడు గొంతు పెంచరాదు. సభలో మాట్లాడే వీలు లేనివాణ్ణి సభాపతి అనడం కష్టం. ఆవలి ఒడ్డు జాతీయ ఉద్యానవనానిది. ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ అధ్యక్ష హోదాలో 1937 అక్టోబరులో ఈ ఒడ్డు లాడ్జిలో భోజనం చేసి, మరుసటి ఏడాది జూన్‌లో ఆ ఉద్యానవనపు చట్టం మీద సంతకం చేశారు. కొలువు తీర్చాడని చెప్పదగిన మనిషి ఎవరైనా ఉంటే ఆయనే, ఆయన కూడా గుడారంలో పడుకోలేదు.

ఇక మధ్యనున్న నీరు. ఆ సరస్సు అక్కడి మూలవాసులైన క్వినాల్ట్ జాతివారిది. 1855, 1856 సంవత్సరాల ఒడంబడికతో వారికి మిగిలిన భూమిని 1873లో అధ్యక్షుని ఉత్తర్వు పెంచినప్పటి నుంచీ సరస్సు వారి రిజర్వేషన్, అంటే వారికని కేటాయించిన భూమి, లోపలే ఉంది. అక్కడ గాలం వేయడానికైనా, పడవ దించడానికైనా వారి అనుమతి కావాలి. ఈ సరస్సుకు ఎదురెక్కి వచ్చే సాకీ సామన్ చేపను బ్లూబ్యాక్ అనే పేరుతో వారు తరతరాలుగా ఎరుగుదురు. పద్యంలో 'కొలని దరిని' అన్నాడే గాని 'కొలనులో' అనలేదు; యాత్రికుడి హక్కు ఎంతవరకో కవి విభక్తితోనే గీత గీశాడని ఒప్పుకోక తప్పదు. కాబట్టి లుప్తమైన కర్తను యాత్రికుడితో పూరించే పాఠం నిలవదు. కొలువు తీర్చినవారు వేరు, అతడు కొలువులో వెనక వరసలో, తడిసిన మేజోళ్ళతో, కూర్చున్నవాడు.

రాత్రితో పద్యం ముగిసింది గనుక తెల్లవారి గుడారం మడవడం వ్యాఖ్య పరిధిలోకి రాదు. అయినా చదువరుల క్షేమం కోరి ఒక మాట చేర్చడం దోషం కాదు. తడి గుడారాన్ని సంచీలో కుక్కి మరచిపోతే బూజు పడుతుంది, గుడ్డ మీది నీటి పూత ఊడిపోతుంది. ఇల్లు చేరిన వెంటనే దానిని విప్పి బాల్కనీ కడ్డీల మీద ఆరవేయాలి. బాల్కనీ కడ్డీల మీద ఏదీ ఆరవేయరాదని చెప్పే అపార్ట్‌మెంటు అద్దె ఒప్పందం ఇంకొక మూలగ్రంథం, దానికి టీక వేరుగా రాయవలసి ఉంది.