ఒక కంటిన్యుటీ పుస్తకం ఆత్మకథ

తన కథ తాను చెప్పుకుంటున్నా ‘నేను’ అనడం ఈ పుస్తకానికి అలవాటు లేదు. సినిమా సెట్లో కంటిన్యుటీ రాసే పుస్తకం ఇది. ఇందులో ఎవరూ తమ గురించి రాసుకోరు. సీన్ నంబరు, షాట్ నంబరు, టేకు, లెన్సు, చివరి గడిలో ఒక్క ముక్క: ఓకే, ఎన్‌జీ (నో గుడ్), లేదా హోల్డ్. పక్కన ఖాళీలో హీరో చొక్కాకి పైగుండీ పెట్టి ఉందా, గడియారం ఏ చేతికి ఉంది, టీ గ్లాసు సగం తాగాడా, అడుగంటా తాగాడా అన్న వివరాలు. అంతే.

2018 వానాకాలంలో కృష్ణానగర్‌లోని ఓ జిరాక్స్ షాపు అలమారలోంచి ఇది బయటికొచ్చింది. గట్టి అట్ట, పొడుగు రిజిస్టరు. కొన్నది గాజువాక నుంచి వచ్చి ముగ్గురితో కలిసి గది పంచుకుంటున్న ఒక అసిస్టెంట్ డైరెక్టరు. ఫిలింనగర్ ఎత్తు మీద రామానాయుడు స్టూడియోలో పని ఉంటే నడిచే వెళ్లేవాడు, ఈ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని. లైటింగ్ మారుస్తున్నంతసేపూ అతనికి పని ఉండదు. అప్పుడు పుస్తకాన్ని తిరగేసి, చివరి పేజీ నుంచి వెనక్కి, క్రికెట్ రాసేవాడు.

అదీ భారత జట్టు ఆడే పెద్ద మ్యాచుల గురించి కాదు. వాటి గురించి రాయడానికి పత్రికలున్నాయి. అతనికి కావాల్సింది ఇండియా ‘ఎ’ ఆడే మ్యాచులు: అసలు జట్టు తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు, అందులోంచి జారిపోయి మళ్లీ వెనక్కి రావాలనుకునేవాళ్లు కలిసి ఆడే ఆట. గ్యాలరీల్లో పదిమంది కూడా కనబడరు. కానీ ఆడేవాళ్లలో ఒక్కొక్కడి భవిష్యత్తు అక్కడే తేలుతుంది. అలాంటి ఆటకి మామూలు స్కోరు పుస్తకం చాలదని అతని పట్టుదల. అందుకే సొంతంగా నాలుగు గడులు గీశాడు: ఎవరి మీద ఆడాడు, వికెట్ ఎలా ఉంది, ఏ స్థితిలో దిగాడు, ఎలా ఔటయ్యాడు. అయిదో గడి కంటిన్యుటీ షీటు నుంచి తెచ్చిందే. ఓకే, ఎన్‌జీ, హోల్డ్.

హోల్డ్ అంటే పారేసిన టేకు కాదు. నటన బాగుంది కానీ ఫోకస్ కాస్త అటూ ఇటూ అయింది, లేదా ఎందుకో దర్శకుడికి మనసు నిండలేదు. దాచి ఉంచండి అంటాడు. నెల్లాళ్ల తర్వాత ఎడిటింగ్ టేబుల్ దగ్గర, ఓకే అన్న టేకు ముందువెనకల షాట్లతో కలవక, ‘ఆ హోల్డ్ టేకు ఓసారి వెయ్యండి’ అంటాడు. తెర మీదికి వెళ్లేది చాలాసార్లు అదే.

వెనక పేజీల్లో మొదటి ఎంట్రీ 2018 సెప్టెంబరుది. బెంగళూరులో ఆస్ట్రేలియా ‘ఎ’ మీద మహమ్మద్ సిరాజ్ మొదటి ఇన్నింగ్స్‌లో 59 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. రెండో ఇన్నింగ్స్‌లో ఇంకో మూడు. మ్యాచ్ మాత్రం ఇండియా ‘ఎ’ ఓడింది. ‘ఎవరి మీద’ అన్న గడిలో ఉస్మాన్ ఖవాజా, లబుషేన్ పేర్ల కింద గట్టిగా రెండు గీతలున్నాయి. 243 పరుగుల ఆ ఇన్నింగ్స్‌లో ఖవాజాది 127, లబుషేన్‌ది 60. అంటే ఆ ఎనిమిది వికెట్లు నిలదొక్కుకున్న బ్యాటర్లున్న జట్టు మీద వచ్చినవి. హైదరాబాద్‌లో ఆటో నడిపే మనిషి కొడుకు, టెన్నిస్ బంతితో బౌలింగ్ నేర్చుకున్న కుర్రాడు. అసిస్టెంట్ డైరెక్టరు ఓకే అని రాశాడు. టెస్టు ఆడించే విషయంలో మాత్రం రెండేళ్లకు పైగా హోల్డ్‌లోనే ఉంచారు.

2020 నవంబరు 20న సిరాజ్ తండ్రి కన్నుమూశారు. కొడుకు ఆస్ట్రేలియాలో క్వారంటైన్‌లో ఉన్నాడు, రాలేదు. డిసెంబరు 26న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో టెస్టు అరంగేట్రం. మొదటి వికెట్ లబుషేన్‌దే. బెంగళూరు పేజీ పక్కన ఆ తేదీ వేసి, అసిస్టెంట్ డైరెక్టరు ఓ బాణం గుర్తు గీశాడు. సిరాజ్ ఇప్పుడు ఇదే చుట్టుపక్కల మనిషి. 2024లో తెలంగాణ ప్రభుత్వం అతనికి జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 78లో 600 చదరపు గజాల స్థలం కేటాయించింది.

పెద్ద మ్యాచే అయినా, ఆ ఆస్ట్రేలియా పర్యటనలోనిదే ఇంకో ఎంట్రీ ఉంది. సిడ్నీ, 2021 జనవరి 11. కాకినాడ కుర్రాడు హనుమ విహారి, తొడ వెనక కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో, 161 బంతులాడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. మ్యాచ్ డ్రా. అంకెలు మాత్రమే చూసేవాడికి ఆ ఇన్నింగ్స్‌లో ఏమీ కనబడదు. ఈ పుస్తకంలో ‘ఏ స్థితిలో దిగాడు’ అన్న గడి ఎందుకుందో ఆ ఒక్క లైను చూస్తే చాలు.

సినిమావాళ్ల సొంత క్రికెట్‌కీ ఇందులో చోటుంది, కాకపోతే కొద్దిగానే. సెలబ్రిటీ క్రికెట్ లీగ్‌లో తెలుగు వారియర్స్ 2015, 2016, 2017లో వరసగా గెలిచి, మళ్లీ 2023 మార్చిలో విశాఖపట్నంలో భోజ్‌పురి జట్టును తొమ్మిది వికెట్ల తేడాతో ఓడించి కప్పు తెచ్చింది. కెప్టెన్ అఖిల్ అక్కినేని. సంగీత దర్శకుడు తమన్ కూడా ఆ జట్టు ఆటగాడే. ఊరంతా సంబరపడింది, అసిస్టెంట్ డైరెక్టరూ ఈల వేశాడు. కానీ గడులు నింపలేదు. అక్కడ ఎవరి పొట్టా ఆ పరుగుల మీద ఆధారపడి లేదు.

పుస్తకానికి కొత్త చూపు వచ్చింది మెల్‌బోర్న్ ఫోన్ల వల్ల. అసిస్టెంట్ డైరెక్టరు మేనమామ కొడుకు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శనివారాలు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్తాడు, అదీ రిజర్వు జట్ల ఆటకే, టికెట్టు చవక కాబట్టి. “బావా, నీ ఎ జట్టు గొడవంతా ఇక్కడ ప్రతి వారం జరుగుతుంది” అన్నాడు ఒకసారి. అతను చెప్పినవి వెనక పేజీల్లో ఎర్ర ఇంకుతో ఉన్నాయి.

కోడిగుడ్డులాంటి బంతి, మైదానంలో జట్టుకి 18 మంది. ఆ ఆట పుట్టిందే క్రికెటర్ల కోసం. చలికాలంలో ఒళ్లు సడలిపోకుండా ఏదో ఒక ఫుట్‌బాల్ ఆడదామని టామ్ విల్స్ అనే క్రికెటర్ 1858లో పత్రికకి ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాదే మెల్‌బోర్న్‌లో నియమాలు రాసుకున్నారు. మెల్‌బోర్న్ పెద్ద క్లబ్బుల్లో తుది జట్టులో చోటు దక్కనివాళ్లు ఇప్పుడు రెండో అంచె లీగైన వీఎఫ్‌ఎల్‌లో ఆడతారు. అక్కడే చిక్కంతా. ఎదుటి జట్టులో జీతం తీసుకుని రోజంతా సాధన చేసేవాడు ఉండొచ్చు, వారమంతా ఉద్యోగం చేసుకుని శనివారం మాత్రం బూట్లు కట్టేవాడూ ఉండొచ్చు. ఒకడికి బంతి 30 సార్లు దొరికిందంటే ఎవరి మధ్య దొరికిందో చూడాలి. మీద ఇద్దరు పడుతుండగా లాక్కున్న బంతి వేరు, ఖాళీగా నిలబడితే చేతికొచ్చింది వేరు. ఈ రెంటినీ అక్కడ విడివిడిగా లెక్కగడతారు. చేజేతులా ప్రత్యర్థికి అప్పగించిన బంతులకి మరో లెక్క ఉంది.

పెద్ద లీగులో మ్యాచ్ అయ్యాక అంపైర్లు మెరుగ్గా ఆడిన ముగ్గురికి 3, 2, 1 ఓట్లు వేస్తారు. 1924 నుంచీ నడుస్తున్న బ్రౌన్‌లో మెడల్ ఆ ఓట్లతోనే తేలుతుంది. కోచ్‌లు ఇచ్చే అవార్డుకి ఇద్దరు కోచ్‌లూ వేర్వేరుగా అయిదు నుంచి ఒకటి దాకా ఓట్లేస్తారు. ఎదుటి జట్టు కోచ్ కూడా తన అయిదు ఓట్లూ నీకే వేశాడంటే అంతకన్నా పెద్ద మెప్పు ఏముంటుంది! ఈ పద్ధతి నచ్చి, ‘ఎదుటివాళ్లు ఏమన్నారు’ అని అసిస్టెంట్ డైరెక్టరు ఆరో గడి గీశాడు.

ఆ గడులన్నిటికీ అసలు పరీక్ష 2024లో వచ్చింది. గాజువాక కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఇండియా ‘ఎ’ తరఫున ఆస్ట్రేలియా వెళ్లాడు. మెకాయ్‌లో 0, 17. ఆ మొదటి ఇన్నింగ్స్‌లో జట్టంతా 107కే ఆలౌట్. తర్వాత మెల్‌బోర్న్‌లో 16, 38. నాలుగు ఇన్నింగ్స్‌లకి 71 పరుగులు. సొంతూరివాడని అసిస్టెంట్ డైరెక్టరు చెయ్యి ఊగిసలాడింది, పెన్సిలు రెండుసార్లు ఆగింది. పేజీ మీద ఆ రెండు చుక్కలూ ఇప్పటికీ ఉన్నాయి. చివరికి ‘వికెట్: పచ్చిక, బౌన్సు’ అని రాసి, అయిదో గడిలో హోల్డ్ వేశాడు. అదే మెల్‌బోర్న్ మ్యాచ్‌లో ధ్రువ్ జురేల్ 80, 68 కొట్టాడు. అతనికి ఓకే.

అయినా పెర్త్ టెస్టులో దిగింది ఆ 71 పరుగుల కుర్రాడే. భారత్ 150కి కుప్పకూలిన ఇన్నింగ్స్‌లో అందరికన్నా ఎక్కువ పరుగులు అతనివే, 41. ‘ఎ’ మ్యాచ్‌లో అంకెలు తక్కువైనా, ఎగిరొచ్చే బంతికి అతను వెనకడుగు వెయ్యలేదని చూసినవాళ్లు కనిపెట్టారు. అది స్కోరు కార్డులో ఉండదు.

డిసెంబరు 28 ఉదయం. మెల్‌బోర్న్‌లో భారత్ 191కి 6 వికెట్లు పోగొట్టుకున్నప్పుడు నితీశ్ దిగాడు. వాషింగ్టన్ సుందర్‌తో ఎనిమిదో వికెట్‌కి 127 పరుగులు. సుందర్ 162 బంతుల్లో 50 చేశాడు, అందులో ఒక్కటే ఫోరు. ఎర్ర ఇంకు పాఠం ప్రకారం ఆ రోజు మూడు ఓట్లలో ఒకటి సుందర్‌కి పడి తీరాలి. నితీశ్ అర్ధసెంచరీ దాటగానే బ్యాటును గడ్డం కింద పెట్టి విసురుగా లాగాడు. మూడు వారాల ముందే, డిసెంబరు 5న ‘పుష్ప 2’ విడుదలైంది. జూబ్లీహిల్స్‌లో ఉండే అల్లు అర్జున్ తెర మీద చూపించిన ఆ విసురు లక్షమంది పట్టే గ్రౌండ్‌లో కనబడేసరికి, సెట్లో లైట్‌మెన్ స్టాండ్లు వదిలేసి ఫోను చుట్టూ మూగారు. 99 దగ్గర బుమ్రా ఔటయ్యాడు. వచ్చింది సిరాజ్, చివరి బ్యాటర్. కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో నితీశ్ బోలండ్‌ని మిడాన్ మీదుగా ఫోరు కొట్టాడు. గ్యాలరీలో తండ్రి ఏడుస్తున్నారు. ఆ పేజీలో అక్షరాలు వంకరపోయి ఉన్నాయి. మర్నాడు నితీశ్ 114 దగ్గర ఔటైనప్పుడు వేసిన అంకె మాత్రం గుండ్రంగా ఉంది.

రెండో ఇన్నింగ్స్‌లో 1. సిడ్నీలో 0, 4. అవీ అదే పేజీలో, అదే ఇంకుతో ఉన్నాయి. అభిమానం కొద్దీ వాటిని దాచలేదు.

2025 మే నెలాఖరులో కాంటర్‌బరీ. ఇంగ్లండ్ లయన్స్ మీద ఇండియా ‘ఎ’ తరఫున కరుణ్ నాయర్ 204 కొట్టాడు. సెట్లో కెమెరా అసిస్టెంటు “ఇంకేం చూస్తున్నావ్ అన్నా, ఓకే రాసెయ్” అన్నాడు. అసిస్టెంట్ డైరెక్టరు రాయలేదు. ఇండియా ‘ఎ’ 557, లయన్స్ 587. ఇరుపక్కలా బ్యాటర్లే దున్నేసిన వికెట్. రెండో గడిలో ‘ఫ్లాట్’ అని రాసి, అయిదో గడిని ఖాళీగా ఉంచాడు. నాయర్‌కి ఎనిమిదేళ్ల తర్వాత టెస్టు జట్టులో చోటొచ్చింది. నాలుగు టెస్టులు, ఎనిమిది ఇన్నింగ్స్‌లు: 0, 20, 31, 26, 40, 14, 57, 17. కూడితే 205. ఆ కూడిక కాంటర్‌బరీ పేజీ మార్జిన్‌లోనే ఉంది. పక్కనే, చివరి టెస్టులో చేసిన 57కి విడిగా సున్నా చుట్టి, ‘ఓవల్, పచ్చిక’ అని రాసి ఉంది.