పిన్‌కోడులో దాగిన పొదుపు

బైకు బీమా ఏ ఊళ్లో చౌకో, ఏ కంపెనీలో చౌకో పిన్‌కోడు కొట్టగానే తేల్చి చెప్పే యాప్‌ల పుణ్యమా అని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలకు ఇంతకాలం లేని విశిష్టత ఒకటి సంక్రమించింది. జగిత్యాలది 505327, కోరుట్లది 505326 కాబట్టి చివరి అంకె ఒకటి తగ్గినందుకు ప్రీమియం కూడా ఎంతో కొంత తగ్గకపోతుందా అని ఆశపడటం సహజమే. ఆ లెక్కన 505301గా ఉన్న సిరిసిల్లలో బీమాను ఉచితంగానే ఇవ్వాలి.

అయితే చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా ధరను, అంటే బండి తగిలి గాయపడినవారికో, చనిపోయినవారి కుటుంబానికో పరిహారం ఇచ్చే బీమా ధరను, కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో 75 సీసీ దాటి 150 సీసీ వరకు ఉన్న బండికి ఏడాదికి 714 రూపాయలని ఉంది; ఆ బండి జగిత్యాల మామిడి మార్కెట్ ముందు ఆగినా, సిరిసిల్ల మరమగ్గాల షెడ్డు ముందు ఆగినా, ముంబై సముద్రతీరాన ఆగినా, పాలసీ ప్రభుత్వ కంపెనీదైనా ప్రైవేటు కంపెనీదైనా, ఆ 714 మారదు. దానినే పది కంపెనీల పేర్లతో పది వరుసల్లో పేర్చి ‘పోలిక’ అని పేరు పెట్టడానికి అసామాన్యమైన ధైర్యం కావాలి.

ఊరి పేరుకు కాస్తో కూస్తో విలువ ఉన్నది సొంత నష్టం బీమాలో, అంటే యజమాని బండికే జరిగే నష్టాన్ని భరించే భాగంలో. 2002 నాటి మోటారు టారిఫ్ హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాలను ఎ జోన్‌లోనూ, మిగిలిన దేశాన్నంతా బి జోన్‌లోనూ పెట్టి, ఐదేళ్లు దాటని 150 సీసీ లోపు బండికి మొదటిదానిలో విలువపై 1.708 శాతం, రెండోదానిలో 1.676 శాతం రేటు కట్టింది. 70 వేల రూపాయల బండిపై ఈ భౌగోళిక మహాభేదం 22 రూపాయల 40 పైసలు, అదీ హైదరాబాద్‌తో పోల్చినప్పుడు. మూడు పట్టణాలూ బి జోన్‌లోనివే కనుక ఆ టారిఫ్ ప్రకారం వాటి మధ్య తేడా సున్నా. ఆ సున్నాను రంగురంగుల గీతలతో చూపించే విద్యకు ఏ విశ్వవిద్యాలయమైనా డాక్టరేటు ఇవ్వవచ్చు. 2007లో ధరల నియంత్రణ ఎత్తివేశాక ఈ భాగంపై రాయితీ కంపెనీ ఇష్టం.

యాప్‌లు చూపే చౌక ఎక్కడినుంచి వస్తుందో చూస్తే మాత్రం నవ్వు రాదు. ఒక దారి ఐడీవీని తగ్గించడం. ఐడీవీ అంటే బండి దొంగలపాలైనా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా కంపెనీ చెల్లించడానికి ఒప్పుకున్న విలువ. 60 వేలు ఉండవలసిన ఆ విలువను 45 వేలకు దించితే పాత రేటు ప్రకారం ప్రీమియం 251 రూపాయలు తగ్గుతుంది, బండి పోయిననాడు యజమానికి 15 వేలు తగ్గుతాయి. దీనిని ‘అతి తక్కువ ధర’ అని పై వరుసలో పెట్టడం పచ్చి మోసం. 

అంతకంటే సిగ్గుమాలినది మరొకటి ఉంది. యజమాని బండి నడుపుతూ ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 15 లక్షలు ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా ‘ఇప్పటికే ఉంది’ అని కొనేవాడిచేత ఒక టిక్కు పెట్టించి, ఆ మేరకు ధర తగ్గించి చూపుతారు. ఇక ఆ బీమా ఉన్నా అక్కరకు రాని ఇళ్లూ ఉన్నాయి: బతుకుదెరువుకు చాలామంది గల్ఫ్ వెళ్లిన కోరుట్ల ప్రాంతంలో అన్న పేరు మీద ఉన్న బండిని తమ్ముడు నడుపుతాడు. ఆ 15 లక్షలు రిజిస్ట్రేషన్‌లో పేరున్న యజమాని తానే నడిపినప్పుడు వర్తించేవి కనుక, అన్న మస్కట్‌లో ఉండగా తమ్ముడు లారీ కింద పడితే ఆ కవరు కింద ఇంటికి పైసా రాదు, టిక్కు పెట్టినా పెట్టకపోయినా.