పరువు తగ్గకుండా లాఖ్‌కారన్‌లో గోల్ఫ్ ఆడటం ఎలా

స్కాట్లండ్ దాకా వెళ్ళి గోల్ఫ్ ఆడకుండా తిరిగొస్తే క్లబ్బులో ముఖం ఎలా చూపిస్తారు? అమ్మాయో అబ్బాయో గ్లాస్గోలోనో అబర్డీన్‌లోనో చదువుతుంటారు, చూడ్డానికి మీరు వెళ్తారు. సెంట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సుకు లాటరీలో పేరు వేస్తే రాదు. అప్పుడెవరో హైలాండ్స్‌లో లాఖ్‌కారన్ అనే పల్లె దగ్గర, సముద్రపు పాయ గట్టున, చిన్న కోర్సు ఒకటుందని చెబుతారు. ఇన్వర్నెస్ నుంచి రోడ్డున దాదాపు 100 కిలోమీటర్లు. తొమ్మిదే హోల్స్. అలాంటిచోట పెద్దరికం నిలబెట్టుకోవడం మాటలు కాదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

చేరగానే "తొమ్మిదేనా?" అనండి. పక్కవాళ్ళకు వినబడేలా అనండి. పద్దెనిమిది లేనిది గోల్ఫే కాదన్న నమ్మకం మీద గట్టిగా నిలబడండి. సెంట్ ఆండ్రూస్‌లోనే 1764 దాకా రౌండుకు 22 హోల్స్ ఉండేవి, కొన్నింటిని కలిపేస్తే 18 అయ్యాయి, లోకమంతా తర్వాత ఆ లెక్కనే పట్టుకుంది. ఈ సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చండి. చిన్న కోర్సుల్లో అవే తొమ్మిది గ్రీన్లను రెండో చుట్టులో వేరే టీ బాక్సుల నుంచి ఆడించే పద్ధతి ఉంటుంది. దాన్ని "అడ్జస్ట్‌మెంటు" అని తీసిపారేయండి.

సామాను దగ్గర రాజీ పడొద్దు. నిబంధనల ప్రకారం 14 కర్రలు పట్టుకెళ్ళొచ్చు కాబట్టి పద్నాలుగూ పట్టుకెళ్ళండి. అక్కడి ముసలాయన సన్న సంచిలో నాలుగైదు వేసుకుని, కుక్కను వెంటబెట్టుకుని, మీరు గ్లవ్ తొడుక్కునేలోపు రెండు హోల్స్ ముగించి ఉంటాడు. ఆయన్ని చూసి జాలిపడండి. క్యాడీ ఎక్కడని అడగండి, బగ్గీ ఎక్కడని అడగండి. అడగడానికి మనిషి కనబడకపోతే ఇంకోసారి అడగండి.

పొట్టి హోల్‌కు ఐరన్ చాలని చూడగానే తెలుస్తుంది. అయినా డ్రైవరే తీయండి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు బంతి లేస్తుంది, గాలి దాన్ని తనకిష్టమైన చోటికి తీసుకెళ్తుంది. కోర్సు పక్కనే పాత చర్చి శిథిలం, శ్మశానం ఉన్నాయి. బంతి అటు పోయినా వదలొద్దు. 2019 నుంచి బంతి వెతకడానికి మూడు నిమిషాలే గడువు, అంతకుముందు ఐదు. మీరు అరగంట తీసుకోండి. వెనక ఆడేవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. అది గౌరవమే అనుకోండి.

నీళ్ళలోకి కొట్టాలన్న సరదా అందరికీ ఉంటుంది. కానివ్వండి. కొట్టేముందు నెస్సీ ఎప్పుడు పైకొస్తుందని అడగడం మర్చిపోకండి. నెస్సీ పుకారు లాఖ్ నెస్‌ది, అది మంచినీళ్ళ సరస్సు, వేరే దిక్కున ఉంది. ఇది ఉప్పునీటి పాయ, ఆటుపోట్లు, నాచు వాసన, అన్నీ సముద్రానివే. ఈ నీటి అడుగున ఫ్లేమ్ షెల్ అనే జీవి ఉంటుంది. రెండు చిప్పల మధ్యనుంచి నారింజరంగు జూలు నిప్పులా బయటికి వేలాడుతుంది. 2017లో ఆలిచిప్పల కోసం అడుగు గీకే పడవ ఒకటి వీటి గుంపులను ఛిద్రం చేసింది. డైవర్లు దిగి ఆ పాడును చిత్రించి బయటపెట్టారు. ప్రభుత్వం అత్యవసరంగా ఇక్కడి నీటిని రక్షిత ప్రాంతం చేసింది, 2019లో దాన్ని శాశ్వతం చేసింది. కొలిచి చూస్తే, తెలిసినంతలో ప్రపంచంలో ఇంత పెద్ద ఫ్లేమ్ షెల్ పరుపు ఇంకెక్కడా లేదని తేలింది. అయితే ఏం, మీది ఒక్క బంతే కదా. ప్లాస్టిక్కే కదా.

సమయం విషయంలో నా సలహా: జులైలో, గాలి అసలు లేని మబ్బు సాయంత్రం చూసుకుని వెళ్ళండి. రాత్రి పదింటికీ వెలుతురుంటుంది, గట్టంతా మీదే అనిపిస్తుంది. మిడ్జ్‌లకూ అలాగే అనిపిస్తుంది. కంటికి ఆనీ ఆననంత సన్న పురుగులు, ఒక్కటైతే పట్టించుకోం, అవి ఒక్కటిగా రావు. కుట్టేవి ఆడవే, గుడ్లకు నెత్తురు కావాలి. గంటకు పదీ పదకొండు కిలోమీటర్ల గాలి వీస్తే అవి లేవవు. అందుకే వాన తుంపరతో కూడిన ఈదురుగాలి రోజు అక్కడివాళ్ళు నవ్వుతూ ఆడుతుంటారు, మనం కారులో కూర్చుని వాతావరణాన్ని తిడుతుంటాం. పుట్ కొట్టేటప్పుడు మాత్రం కదలకూడదు కదా, అదే వాటికి అదను. తలకు వల టోపీ పెట్టుకోవడం నామోషీ అనుకోండి. ఏవాన్ వారి స్కిన్ సో సాఫ్ట్ నూనె రాసుకోమని ఎవరైనా అంటే అది ఆడవాళ్ళ నూనె అని నవ్వండి. చాలామంది రాసుకునేది అదే. నా మట్టుకు నేను గాలి రోజునే ఎంచుకుంటాను.

దారి చెప్పాలి. పాతకాలపు పటం నమ్ముకుని ఎదుటి గట్టునుంచి రండి. స్ట్రోమ్‌ఫెర్రీ దగ్గర పడవెక్కి దాటొచ్చనుకుంటారు. 1970లో రోడ్డు పడ్డాక ఆ పడవ ఆగిపోయింది. దారి పలక మీదే "స్ట్రోమ్‌ఫెర్రీ, ఫెర్రీ లేదు" అని రాసి పెట్టారు. పలకలు చదవడం మన ఇంటా వంటా లేదు కాబట్టి నేరుగా గట్టు దాకా వెళ్ళండి. ఒంటి వరస రోడ్లమీద ఎదురు బండి తప్పుకోవడానికి అక్కడక్కడ రోడ్డు వెడల్పు చేసి ఉంటుంది. అదే పార్కింగ్ అనుకుని ఆపి ఫొటోలు దిగండి. ఆట అయ్యాక అదే ఊపులో అద్దె క్యాంపర్‌వ్యాన్‌ను 626 మీటర్ల బెయలాఖ్ న బా కనుమ ఎక్కించండి. పెద్ద బండ్లకు, నేర్చుకునేవాళ్ళకు వద్దని కింద పలక ఉంది. అదీ పలకే.

ఆదివారం ఆట ఉందో లేదో కనుక్కోకండి. ఈ పాయ గట్టువాళ్ళకు ఆదివారం ఎంత పట్టింపో 1883లో తెలిసింది. రైలు 1870లోనే స్ట్రోమ్‌ఫెర్రీ దాకా వచ్చింది, చేపలు దక్షిణాది బజార్లకు ఎక్కేవి. 1883 జూన్‌లో ఒక ఆదివారం బండికి చేపలు ఎక్కిస్తుంటే జనం వచ్చి రేవును పట్టుకున్నారు. పోలీసులు వచ్చారు, కొందరు జైలుకు వెళ్ళారు. ఇప్పుడంత లేదు, అయినా అడిగితే పోయేదేమీ లేదు. కాబట్టి అడగకండి.

ఆడేటప్పుడు ఎవరో నడుచుకుంటూ అడ్డం వస్తే కేకలెయ్యండి. 2003 నాటి స్కాట్లండ్ చట్టం ప్రకారం ఆటకు అడ్డం రాకుండా, గ్రీన్లు తొక్కకుండా గోల్ఫ్ కోర్సు దాటే హక్కు ఎవరికైనా ఉంది. గొర్రెలకు చట్టంతో కూడా పనిలేదు. ఫోర్ట్ అగస్టస్ కోర్సులో ఫెయిర్‌వే మీదే మేస్తాయి.

డబ్బు విషయం చివరికి ఉంచాను. ఇలాంటి చిన్న కోర్సుల్లో చాలాచోట్ల కౌంటర్లో మనిషి ఉండడు. గోడకో తలుపు పక్కనో ఒక పెట్టె ఉంటుంది, ఫీజు ఎంతో రాసి ఉంటుంది, కవరు ఉంటుంది. ఎవరూ చూడటం లేదు కదా అన్న ఆలోచన మీకు వస్తుంది. దాన్ని మాత్రం నా సలహాగా చెప్పుకోకండి. గడ్డి కోసేది ఊళ్ళో నలుగురు, చాలావరకు కూలి లేకుండా. పెట్టెలో పడేదాంతోనే యంత్రానికి నూనె. పెట్టె చిల్లర తిరిగివ్వదు. బయల్దేరేటప్పుడే ఐదు, పది పౌండ్ల నోట్లు జేబులో పెట్టుకోండి.