సెకండాఫ్ సాగింది

మా మావయ్యకి సినిమా నచ్చాలంటే అది ముందు పాతబడాలి.

మొదటిరోజు ఆట వదిలాక ఆయన హాలు మెట్ల మీద ఆగి, కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుస్తారు. ఒక అద్దం, తర్వాత రెండో అద్దం. రెండోది అయ్యేదాకా నోరు విప్పరు. మేం చుట్టూ నిలబడి ఎదురుచూస్తాం. కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీదికి చేరాక తీర్పు వస్తుంది: "ఏముందిరా, సెకండాఫ్ సాగింది." మరి ఫస్టాఫో అంటే, "ఫస్టాఫ్‌లో ఏం జరిగిందసలు?" అంటారు.

పోనీ ఇంట్లో కూర్చుంటారా? కూర్చోరు. బెజవాడలో పుట్టినవాడికి మొదటి ఆట చూడకపోతే అన్నం సయించదట. 1921లోనే మారుతీ టాకీస్ వెలిసిన ఊరు ఇది. గాంధీనగరంలో ఏ సందులోకి తిరిగినా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులే. "తీసేది మద్రాసులో తీసినా, హైదరాబాదులో తీసినా, దాని జాతకం రాసేది ఇక్కడరా" అని ఆ జాతకంలో తన చేతిరాత కూడా ఉన్నట్టే చెబుతారు. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కాలవలకి నీళ్ళెప్పుడు వదిలారో ఫైలు చూస్తే గానీ చెప్పలేరు. ఏ హాల్లో ఏ బొమ్మ ఎప్పుడు మారిందో మాత్రం ఫైలు అక్కర్లేదు.

నేను ఆయన తీర్పుల మీద కొంత పరిశోధన చేశాను. 'శంకరాభరణం' 1980లో వచ్చినప్పుడు ఆయనకి ఇరవై ఏళ్ళు. ఇంటికొచ్చి ఏమన్నాడో మా అమ్మకి ఇప్పటికీ గుర్తే. "అక్కా, ఫైటు లేదు, డాన్సు చేసే హీరో లేడు, ఒక పెద్దాయన కూర్చుని పాడతాడు" అన్నాడట. ఇప్పుడాయన ముందు ఆ సినిమా పేరెత్తి చూడండి. సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూ ఆ పెద్దాయన వేషం ఎలా వేశారో, మొదట్లో పలచగా ఉన్న హాళ్ళు నోటిమాటతో ఎలా నిండాయో కళ్ళు మూసుకుని చెబుతారు. ఆ నోటిమాటల్లో మొదటిది తనదేనని కూడా చెబుతారు.

1989లో 'శివ'. అప్పుడేమో "సైకిల్ చైను అలా లాగితే ఊడి చేతికొస్తుందిరా? మన సైకిలుకి లాగి చూపించు" అని పేచీ. నేను చిన్నవాణ్ణి. నిజంగానే లాగాను. చేతికి గ్రీజు అంటింది, వీపు మీద మా నాన్న చెయ్యి పడింది. చైను ఊడలేదు. అదే మావయ్య ఇప్పుడు తెలుగు సినిమాని శివకి ముందు, శివకి తర్వాత అని రెండు ముక్కలు చేసి, స్టెడీక్యామ్ గురించి నాకే పాఠం చెబుతారు.

నా లెక్క ప్రకారం ఆయన దగ్గర ఏ సినిమా అయినా ఆవకాయలా ఊరాలి. దానికి సుమారు పదిహేనేళ్ళు పడుతుంది. 2010లో 'ఖలేజా' చూసి "అర్థమైనవాడెవడైనా ఉంటే చెయ్యెత్తండి" అన్న మనిషి, 2025లో దాన్ని మళ్ళీ విడుదల చేస్తే కుర్రాళ్ళతో పోటీపడి ఈల వేశారు. పళ్ళ సెట్టు కొత్తది కావడంతో ఈల సరిగ్గా రాలేదనుకోండి. 2015 నాటి 'బాహుబలి' విషయంలో ఈమధ్య కొంచెం మెత్తబడుతున్నారు. 'పుష్ప-2' గురించి మంచిమాట వినాలంటే నేను 2039 డిసెంబరు దాకా ఓపికపట్టాలి.

ఈ లెక్కలకి లొంగనిది ఒక్క 'మాయాబజార్'. అది ఆయన పుట్టకముందు, 1957లో వచ్చింది. అంటే ఆయన చూసేసరికే ఊరిపోయింది. పదేళ్ళ వయసులో నేల టిక్కెట్టు మీద చూశారట. కొత్త సినిమాలు మూడు గంటలుంటే "నడుం పడిపోయింది, కత్తెర లేదా వీళ్ళ దగ్గర?" అని గొణుగుతారు కదా, 'మాయాబజార్' కూడా మూడు గంటలు దాటుతుంది మావయ్యా అంటే, "అది దాటినట్టు తెలుస్తుందా?" అని ఎదురు ప్రశ్న. ఒప్పుకోక తప్పదు. నాకూ తెలియదు.

కూతురి పెళ్ళిచూపుల్లో పిల్లాణ్ణి జీతమెంతని అడగలేదు. "మాయాబజార్‌లో ధర్మరాజు వేషం ఎవరేశారు బాబూ?" అని అడిగారు. గుంటూరు కుర్రాడు, పాపం, చేతిలో ఉన్న సున్నుండ పళ్ళెంలో పెట్టి, కాస్త ఆలోచించి, "గుమ్మడిగారాండీ?" అన్నాడు. ఆ సినిమాలో పాండవులే కనపడరు. మావయ్య మొహం చూసి లోపల అత్తయ్య సంబంధం తప్పిపోయిందనుకుంది. "గుమ్మడి పేరైనా తెలుసు, పనికొస్తాడు" అని చివరికి ఆయనే సర్దుకున్నారు.

2010లో ఆ సినిమాకి రంగులద్దినప్పుడు మూడురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మార్కస్ బార్ట్‌లే తీసిన వెన్నెల మీద రంగు పొయ్యడమేమిటని కోపం అనుకున్నాం. అది పైకి చెప్పే కారణం. అసలుది మెల్లిగా బయటపడింది. నలభై ఏళ్ళుగా ఆయన మనసులో శశిరేఖ చీర చిలకపచ్చ. వాళ్ళు అడక్కుండా ఇంకేదో రంగు వేసేశారు. అయినా వెళ్ళి రెండుసార్లు చూసొచ్చారు, రెండోసారి ఎందుకంటే, రంగు సరిగ్గా గుర్తుపెట్టుకుని తిట్టడానికట.

2025 మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి'ని త్రీడీలో మళ్ళీ వేశారు. మొదటిసారి వచ్చింది 1990లో సరిగ్గా అదే తేదీన. అప్పుడు తుపాను. అత్తయ్య కొత్త పెళ్ళికూతురు. ఈసారి నేనే ఇద్దర్నీ తీసుకెళ్ళాను. మావయ్య తన కళ్ళజోడు మీద త్రీడీ కళ్ళజోడు తగిలించుకున్నారు. శ్రీదేవి కనిపించినప్పుడల్లా చెవుల దగ్గర రెండింటినీ సర్దుకున్నారు. అత్తయ్య తెరకంటే ఆయన్నే ఎక్కువ చూసి నవ్వుకుంది.

ఆట వదిలాక మెట్ల మీద ఆగారు. ఈసారి నాలుగు అద్దాలు. త్రీడీవి తిరిగివ్వాలని గేటు కుర్రాడు చెయ్యి చాపి నిలబడ్డా, తుడిచేదాకా ఇవ్వలేదు. చివరికి గొంతు సవరించుకుని, "ఇదిరా సినిమా అంటే. ఆ రోజే చెప్పాను, ముప్ఫయ్యేళ్ళైనా నిలుస్తుందని" అన్నారు.

అత్తయ్య చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ మెట్టు దిగింది.

"ఆ రోజు మోకాలి లోతు నీళ్ళలో నడిపించుకొచ్చారు. నా చెప్పు తెగింది. మీరు చెప్పింది 'ఏముందే, సెకండాఫ్ సాగింది, పోదాం పద' అని. అదీ ఇంటర్వెల్లో."