కోత బాగుపడింది, కాపు కరువైంది

ఈమధ్య మా తిరువూరులో పిల్లాడికి సున్తీ చేయించడమంటే ఒక్క పూట పనైపోయింది. పొద్దున్నే కారెక్కి బెజవాడ పోతారు, సాయంత్రం నమాజు వేళకి ఇంట్లో ఉంటారు. కత్తి లేదట, కుట్లు లేవట, లేజరట, స్టేప్లరట. మర్నాడు తండ్రి కొట్టు తెరుస్తాడు, తల్లి వంటపనిలో పడుతుంది. పిల్లాడి చేతిలో సెల్‌ఫోను పెట్టి మంచం మీద వదిలేస్తారు. నా కోపం లేజరు మీద కాదు, ఆ తర్వాతి వారం రోజుల మీద.

మా రోజుల్లో ఒడుగులంటే, అంటే ఈ సున్తీ అంటే, పెళ్లంత సందడి. పిల్లాడికి తానం చేయించి, కొత్త లుంగీ కట్టి, పూల సెహరా వేసి మసీదు దాకా ఊరేగించేవారు. ఇంటికొచ్చాక పీట మీద కూర్చోబెడితే మేనమామ వెనకనుంచి రెండు చేతులూ ఒడిసిపట్టేవాడు. ‘అదిగో బంగారు పిట్ట, పైకి చూడు బేటా’ అనేవాడు సున్తీ చేసే మంగలి, హజాం సాయిబు. చూసేలోగా అయిపోయేది. మత్తుసూది లేదు. వెదురు చీలికతో పట్టి మంగలికత్తితో ఒక్క కోత, దాని మీద కాల్చిన నూలుగుడ్డ బూడిద. ఆ కత్తి అంతకుముందు ఎన్ని గడ్డాలు గీసిందో అల్లాకే తెలుసు. ఇలాంటి కోతల వల్ల ధనుర్వాతంతో పోయిన పిల్లలున్నారు, నెత్తురాగక పోయినవాళ్లూ ఉన్నారు. ఆ కోత మళ్లీ రావాలని నేను ఏనాడూ అనను.

కానీ హజాం సాయిబు కోసి వెళ్లిపోయేవాడు కాదు. మర్నాడు తెల్లారేసరికి గుమ్మంలో ఉండేవాడు. కట్టు మీద గోరువెచ్చటి నీళ్లు చుక్కచుక్కగా పోస్తూ, అది నాని తనంతట తాను వదిలేదాకా కూర్చునేవాడు. లాగేవాడు కాదు. లాగితే కొత్తగా పట్టిన పొర లేచొచ్చి మళ్లీ నెత్తురు కారుతుందని అతనికి ఎవరూ చదువు చెప్పలేదు, చేతికి తెలుసు. తర్వాత్తర్వాత బూడిద పోయి ఎర్రమందు, సిబాజోల్ పొడి వచ్చాయి, అతను గుమ్మంలోకి రావడం మాత్రం మానలేదు. గాయం ఆరి పిల్లాడు వీధిలోకి పరుగెత్తాకే బియ్యం, కొత్త పంచె, ఇనాము పుచ్చుకునేవాడు.

ఇంట్లో నానీ విసనకర్ర పట్టుకుని ఆ మంచం వదిలేది కాదు. లుంగీ పుండుకి తగలకుండా దూలానికి దారం కట్టి పైకెత్తి ఉంచేవారు. పప్పు తింటే చీము పడుతుందని పప్పు, దురదని వంకాయ, చేపలు బందు. ఆ పథ్యంలో నిజం లేదు, పప్పుకీ చీముకీ సంబంధమే లేదు. పెట్టినవి మాత్రం మంచివి: కోడిగుడ్డు, పొట్టేలు షోర్వా. గాయం పూడాలంటే మాంసకృత్తులు కావాలి మరి.

ఇప్పుడేం జరుగుతోంది? మా వీధిలోనే ఒక పిల్లాడికి మూడోనాడు శిశ్నం కొన మీద పసుపుపచ్చటి పొర కనబడింది. తల్లి చీమనుకుని బెదిరిపోయి ఆరెంపీ దగ్గరికి ఎత్తుకెళ్లింది. ఆయన దూదితో గట్టిగా తుడిచి నెత్తురు రప్పించి, సూది పొడిచి పంపాడు. అది చీము కాదమ్మా, మానే గాయం మీద కట్టే పొర, వారం పది రోజుల్లో తనే పోతుంది అని చెప్పేవాళ్లు ఆ ఇంట్లో లేకపోయారు. చీమైతే దుర్వాసన వేస్తుంది, ఎరుపు చుట్టూ పాకుతుంది, జ్వరం కాస్తుంది. అప్పుడు పరుగెత్తాలి. కట్టు తడిసేలా నెత్తురొస్తున్నా, సగం రోజు దాటినా పాసు రాకపోయినా పరుగెత్తాలి. కాస్త వాపు, నెత్తురు మరక మామూలే. చిన్నపిల్లలకి వేసే ప్లాస్టిక్ రింగు అయిదు నుంచి పది రోజుల్లో ఊడి పడుతుంది, లాగకూడదు. కరిగే కుట్లకి రెండు మూడు వారాలు పడుతుంది. నొప్పికి డాక్టరు చెప్పిన కొలతలో పారాసిటమాల్ సిరప్ చాలు, ఆస్పిరిన్ పిల్లలకి వద్దు. నాలుగోనాడే జీన్స్ తొడిగి పెళ్లిళ్లకి తిప్పడం నేను కళ్లారా చూశాను. వారం రోజులు లుంగీ కడితే పోయే పరువేముంది!

కోతకి ముందు అడగాల్సినవీ అడగడం లేదు. ‘మావాడు సున్తీతోనే పుట్టాడు’ అని మురిసిపోయే ఇళ్లున్నాయి. అలాంటి పిల్లాడికి పాసు పోసే రంధ్రం కింది వైపు ఉందేమో చూడాలి. ఉంటే దాన్ని సరిచేసే ఆపరేషన్‌కి ఆ ముందు చర్మమే కావాలి, కోయించకూడదు. మేనమామలకి చిన్న దెబ్బకే నెత్తురాగని జబ్బుంటే ముందే చెప్పాలి. సున్తీకి కత్తెర మేలని రాసిన కార్డోవా వైద్యుడు అల్ జహ్రావీ, ఒక ఊళ్లో మగవాళ్లు అలా నెత్తురు కారి చనిపోవడం గురించి వెయ్యేళ్ల కిందటే రాసిపెట్టాడు.

హజాం కుటుంబాలు 2007లో బీసీ-ఇ రిజర్వేషన్ జాబితాలోకి వచ్చాయి. పిల్లలు చదువుకున్నారు, సెలూన్లు పెట్టుకున్నారు, చాలా సంతోషం. ఆ కత్తి డాక్టరు చేతికి పోవడమూ సంతోషమే. కానీ రోజూ గుమ్మంలోకి వచ్చే ఆ మనిషి స్థానంలోకే ఎవరూ రాలేదు. ఆఫ్రికా దేశాల్లో ఎయిడ్స్ తగ్గించడానికి మగవాళ్లకి సున్తీ చేయించమని 2007లో సిఫారసు చేసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రెండోనాడు, ఏడోనాడు గాయం చూడాలని పద్ధతి పెట్టింది. మన దగ్గర సెలవుల్లో పెట్టే సామూహిక సున్తీ శిబిరాల్లో ఒక్క పూటలో పదుల మందికి చేసి డేరా ఎత్తేస్తే రెండోనాడు చూసేదెవరు?

అమ్మలూ అబ్బాలూ, పిల్లాణ్ణి బల్ల ఎక్కించకముందే అడగండి: రెండోనాడు గాయం ఎవరు చూస్తారు, అర్ధరాత్రి నెత్తురొస్తే ఏ నంబరుకి ఫోన్ చేయాలి అని. జవాబు రాని చోట చేయించకండి. చేయించాక వారం రోజులు కొట్టు మూసుకునైనా సరే, ఇంట్లో పెద్దవాళ్లొకరు ఆ మంచం దగ్గర కూర్చోండి.